రాయి కింద పెట్టిన కార్డు

మిమ్మల్ని నమ్మిన మనిషిని నలుగురి ముందు నిలబెట్టి "రుజువేది?" అని మీరెప్పుడైనా అడిగారా, ఆ రుజువు మీ జేబులోనే ఉండగా?

నేను అడిగాను.

పన్నెండేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మోయడం అనే మాట కూడా సరిపోదు. మూట మోసేవాడు అలసిపోతే భుజం మార్చుకుంటాడు. ఇది అలా మారదు. సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ "ఆధారం" అనే పదం దగ్గరకు రాగానే నా గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. వినేవాళ్లు అది వక్త నేర్పు అనుకుంటారు. కాదు. ఆ పదం దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆమెను దాటుకుని వెళ్లాలి. ప్రతిసారీ దాటుకుని వెళ్లాను.

మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేసేవాణ్ని. పని రోజుల్లో సీసాల్లోని ద్రావణాలను పరీక్షించేవాణ్ని, సెలవు రోజుల్లో జనం నమ్మకాలను. గాల్లోంచి విభూతి తీసే బాబా చేత చొక్కా చేతులు మడిపించిన వాణ్ని నేనే. ఆ ప్రాంతంలో నన్ను అందరూ "సార్" అనేవారు. అబద్ధమాడని మనిషని పేరు. ఆ పేరు నాకెంత ఇష్టమో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

బస్టాండు దగ్గర ఒక టీవీల దుకాణం ఉండేది. యజమానిని అందరూ సేటు అనేవారు. తన దగ్గర టీవీ కొన్నవాళ్లకు ఆయన ఒక పసుపుపచ్చ అట్టముక్క ఇచ్చేవాడు. దాని మీద "పాత గిరాకీ" అని ముద్ర, కింద ఒక పొట్టి సంతకం. పేరు ఉండదు. కొత్త సరుకు ఏది వచ్చినా కార్డు ఉన్నవాళ్లకే ముందు. నగరంలో ఇంతకంటే మంచిది దొరుకుతుందని చెప్పినా జనం వినేవారు కాదు. "మన సేటు" అనేవారు. దుకాణం మీద భక్తి కూడా భక్తేనని నేనొక చిన్న పత్రికలో ఘాటుగా రాశాను. సేటు చదివి నవ్వాడు.

తర్వాత కొన్నాళ్లకు ఆయనే మా ఇంటికి వచ్చాడు. టీవీకి తగిలించి ఆడుకునే కొత్త వీడియో గేమ్ వస్తోంది, మొదటి లోడులో ఆరు పెట్టెలే ఇస్తున్నారు, జనం ఎగబడతారు, లైను మీరు చూసుకోవాలి అన్నాడు. "మీరు నిలబడితే ఎవ్వరు కిరికిరి పెట్టరు సార్" అన్నాడు. నాకూ ఒకటి కావాలని అడిగాను. ఆయన చేతులు జోడించాడు. "మీకు నెక్స్ట్ లోడుల పక్కా. పాత గిరాకీని ఇడిసిపెడితే నా మాటకు ఇజ్జత్ ఉండది."

నాకెందుకు కావలసి వచ్చింది? మా ఇంట్లో పండగ లేదు, పూజ లేదు, జాతర లేదు. సూత్రం కోసం ఒక్కొక్కటీ తీసేశాను. తీసేసిన చోట ఏదీ పెట్టలేదు. మా అబ్బాయి ఆ ఖాళీలో పెరుగుతున్నాడు. ఈ ఒక్కటైనా వాడికి అందరికంటే ముందు ఇవ్వాలనుకున్నాను. ఇది సాకు కాదు. సాకు అయినా మీరు ఒప్పుకోవద్దు.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. మా వైపు బోరు నీళ్లు నోట పెట్టలేని రోజులవి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. పనికి పోయే ఆడవాళ్లు బిందెను లైనులో పెట్టి వెళ్లిపోయేవారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. పక్కింటి వాళ్లతో ఎంత పోట్లాట ఉన్నా వాళ్ల బిందెను ఎవరూ జరపరు. దుకాణం ముందూ అదే చేశారు. ఆదివారం తెల్లవారగానే మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు వచ్చి, ఒక్కొక్కరు ఒక రాయి పెట్టి, రాయి కింద తమ కార్డు పెట్టి ఫ్యాక్టరీలకు వెళ్లారు. పదిహేడు రాళ్లు. మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చాక అమ్మకం. అంతవరకు కాపలా నేను.

మూడో రాయి బాలమణిది. లక్డారం వైపు నుంచి వచ్చేది, మాత్రల ప్యాకింగులో పని. భర్త లేడు. ఒక్కతే కూతురు, స్వరూప. కార్డు పెట్టి, రాయి గట్టిగా అదిమి, నా దగ్గరకు వచ్చింది.

"సార్, జెర సూస్తుండుండ్రి. బిడ్డకు గుండెల ఏదో పరదా ఖరాబైందట. ఉరకొద్దు, ఆడొద్దు అన్నరు డాక్టర్లు. మంచంల కూసోని ఆడేదొకటి వస్తుందంటే పానం లేసొచ్చింది దానికి. ఆపరేషన్‌కు ఇంక ఇరవై దినాలున్నది. ఆలోపల ఇస్తనని మాటిచ్చిన."

"నేనుంటాను కదమ్మా, వెళ్లిరా" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లింది. చూడాల్సిన అవసరం లేదనుకుంది.

తర్వాత జరిగింది రాయాలి. పది గంటల వేళ హైవే మీద ఒక పెద్ద లారీ వెళ్లింది. దుమ్ము లేచింది. మూడో రాయి పక్కకు ఒరిగి, కార్డు ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. తిరిగి పెడదామనే తీశాను.

కాదు. లారీ లేదు. ఉంటే ఉండవచ్చు, ఆ రోడ్డు మీద లారీలకేం తక్కువ? కానీ కార్డు ఎగరలేదు. ఆమె రాయిని ఎంత గట్టిగా అదిమిందో నేను చూశాను. ఆ గాలిని తర్వాత నేనే పుట్టించుకున్నాను. ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకుని చెప్పుకుని, చివరికి ఆ దుమ్ము నా కళ్లలో పడినట్టు కూడా గుర్తుండేంత నిజం చేసుకున్నాను. అద్భుతాలు ఎలా పుడతాయో జనానికి వివరించేవాణ్ని కదా, నా అద్భుతం నేను అలా తయారు చేసుకున్నాను. వంగింది నేను. రాయి ఎత్తింది నేను. కార్డు జేబులో పెట్టుకుని, రాయిని మళ్లీ అదే చోట, అదే వాలులో పెట్టింది నేను.

ఆమెదే ఎందుకు? పదిహేడింటిలో ఆ ఒక్కటే ఎందుకు? ముందున్న రెండూ మగవాళ్లవి. ఒకడు యూనియన్ మనిషి. గొడవ చేస్తారు. ఆమె చేయదు. ఈ లెక్క వేయడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. మనిషికి తెలియకుండా చేయి పనిచేసిందంటారు చూడండి, అది అబద్ధం. నాకు పూర్తిగా తెలుసు.

ఎండ ఎక్కాక జనం చేరారు. కార్డు లేనివాళ్లూ వచ్చారు. వ్యాను రాగానే రోడ్డు నిండిపోయింది. పెట్టెలకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మామూలుగానైతే నేను ఏదో ఒకటి అనేవాణ్ని. ఆ రోజు అనలేదు. లోపలికి వెళ్లి సేటు చేతిలో కార్డు పెట్టాను. "మీకు కార్డు యాడికెల్లి వచ్చింది సార్?" అని అడిగాడు. ఊరు విడిచి వెళ్తున్న స్నేహితుడిచ్చాడని చెప్పాను. ఆయన నమ్మాడు. ఒక పెట్టెను కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

షిఫ్టు దిగినవాళ్లు వచ్చి ఎవరి రాయి వెనక వాళ్లు నిలబడ్డారు. సేటు లోపల గల్లా దగ్గర ఉన్నాడు, బయట మాట నాదే. బాలమణి చేతులకు ఇంకా తెల్లటి మాత్రల పొడి ఉంది. ఆమె రాయి ఎత్తి చూసుకోలేదు. ఎవరూ చూసుకోలేదు. వంతు వచ్చినప్పుడే ఎత్తారు. మొదటివాడు ఎత్తి కార్డు తీశాడు. రెండోవాడు తీశాడు. ఆమె ఎత్తింది.

కింద నేల ఉంది.

"సార్, నా కార్డు" అంది.

"ఏ కార్డమ్మా?" అన్నాను.

"గదేంది సార్, పొద్దుగాల మీ ముంగటనే పెడితి గదా. మీరు సూసిన్రు."

"నువ్వు రాయి పెట్టడం చూశాను. దాని కింద ఏం పెట్టావో నాకెలా తెలుస్తుంది?"

ఆమెకు అర్థం కాలేదు. నా ముఖంలోకి చూసింది. నేను వేళాకోళం చేస్తున్నానేమోనని కొంచెం నవ్వింది కూడా. ఆ నవ్వు, దాన్ని ఏం చేయను?

"సార్, మజాక్ చెయ్యకుండ్రి. బిడ్డ ఎదురుసూస్తున్నది."

"కార్డు పెట్టావనడానికి రుజువేది? రాయి ఎవరైనా పెట్టొచ్చు. రోడ్డు నిండా రాళ్లే."

వెనక ఎవరో "అవ్ మల్ల" అన్నాడు. ఇంకొకడు "ఓ అక్కా, జల్దీ తేల్చు, ఎండకు మాడుతున్నం" అని అరిచాడు. అప్పుడు నాకు సభలో నిలబడినట్టు అనిపించింది. నాలుక దానంతటదే పదునెక్కింది.

"ఆ రాయికే దండం పెట్టుకో తల్లీ. మొక్కితే కార్డిస్తుందేమో!"

జనం నవ్వారు. గట్టిగా, కడుపారా నవ్వారు. నా ఉపన్యాసాలకు ఎన్నడూ అంత నవ్వు రాలేదు.

ఆమె రాయిని చేతిలోనే పట్టుకుని ఉంది. గొంతు పెంచలేదు.

"రాయిని నమ్మలే సార్. మిమ్ముల నమ్మిన."

అంతే. రాయిని దాని చోట పెట్టి పక్కకు జరిగింది. ఆమె జరగగానే వెనకున్న లైను మొత్తం ఒక అడుగు ముందుకు వచ్చింది. పొద్దున ఆమె కార్డు పెట్టడం చూసినవాళ్లు ఆ లైనులో కనీసం నలుగురున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆమె ఆగితే వాళ్ల అడుగు ఆగుతుంది. వాళ్లను నిందించే అర్హత నాకు లేదు. జరిగింది చెబుతున్నాను.

ఆ తర్వాత పని దగ్గర ఆమెను "కార్డు బాలమణి" అని పిలిచేవారట. దొంగ లైను కట్టిన మనిషని. స్వరూప ఆపరేషన్‌కు వెళ్లి తిరిగి రాలేదు. సేటు చెప్పాడు. రెండో లోడు రాగానే, పాత గిరాకీ కదా అని ఆయనే ఒక పెట్టె పట్టుకుని ఆమె ఇంటికి పోయాడట. అప్పటికి వారమైంది.

వీడియో గేమ్ గుండెను బాగుచేయదు. ఈ వాక్యం మీకంటే ముందు నేనే అనుకున్నాను. కార్యం, కారణం, వాటి మధ్య సంబంధం లేదు, కాబట్టి నేను ఆ పిల్లను చంపలేదు. తర్కంలో తప్పు లేదు. కానీ ఆ ఇరవై రోజులు? మంచంలో కూర్చుని ఆడుకోవాల్సిన ఇరవై రోజులు ఆ పిల్ల ఏం చేసింది? తల్లి మాట తప్పిందనుకుందా? ఊరు అబద్ధమన్న మాటను కూతురైనా నిజమనుకుందా? నా ప్రయోగశాలలో దీన్ని తేల్చే పరీక్ష లేదు. మా అబ్బాయి ఆ పెట్టెతో నాలుగు నెలలు ఆడి విసిగిపోయాడు. ఆ నాలుగు నెలలూ ఆ టింగు టింగు చప్పుడు మొదలుకాగానే నేను చెప్పులేసుకుని బయటికి పోయేవాణ్ని. పిల్లాడి ఆట చూడని తండ్రినని వాడికి ఇప్పటికీ కోపం. కారణం వాడికి తెలియదు.

చాలామందిని నమ్మకాల నుంచి విడిపించానని గర్వపడ్డాను. నమ్మకాలన్నీ ఒకటే అనుకోవడం నా చదువులోని లోపం. గాల్లోంచి వచ్చే విభూతిని నమ్మడం వేరు, పొరుగువాడు మన బిందె జరపడని నమ్మడం వేరు. రెండోది లేకపోతే షిఫ్టుకు పోయే మనిషికి గుక్కెడు నీళ్లు దక్కవు. నేను కొట్టింది దాన్ని. కొట్టడానికి వాడింది మొదటిదాన్ని కొట్టే ఆయుధాన్ని.

వెళ్లి చెప్పలేదా అంటారు. పోయిన ఏడు వెళ్లాను. ఆమె ఇప్పుడు గుమ్మడిదలలో చెల్లెలి ఇంటి పక్కన ఉంటోంది. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను గుర్తుపట్టింది. "కార్డు నేనే తీశాను" అన్నాను. ఆమె చేయి ఆగింది. మళ్లీ కదిలింది. మిరపకాయలన్నీ పరిచి, లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చాలాసేపు నిలబడ్డాను. తలుపు తెరవలేదు. తెరవాల్సిన పని ఆమెకు లేదు.

నేను ఆమె చెవిలో చెప్పడానికి వెళ్లానని తిరిగొచ్చే దారిలో అర్థమైంది. అవమానం రోడ్డు మీద చేశాను, ఒప్పుకోలు వాకిట్లో రహస్యంగా ముగించాలనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. పేరు పెట్టలేదు, పిరికితనం ఇంకా పోలేదు. కానీ ఆ ఆదివారం అక్కడున్నవాళ్లకు "సార్" ఎవరో తెలుసు. వాళ్లకు తెలిస్తే చాలు. రాశాక ఛాతీ కొంచెం తేలికైంది. అది క్షమాపణ కాదని తెలుసు. అయినా తేలికైంది, అది కూడా ఒప్పుకుంటున్నాను.

ఇక మీరు. ఆ లైనులో నిలబడ్డవాళ్లు, నవ్వినవాళ్లు, ఒక అడుగు ముందుకు వేసినవాళ్లు. ఆమెకు నా పశ్చాత్తాపం అక్కర్లేదు. ఆమె మాట నిజమని నలుగురిలో అనే గొంతులు కావాలి. గుమ్మడిదల వెళ్లండి. ఒక్కరుగా వెళ్లకండి. పనిలో ఆమెకు ఆ పేరు పెట్టినవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఆమె తలుపు ముందు, వీధి వీధంతా వినేలా చెప్పండి: బాలమణి కార్డు పెట్టింది, మేం చూశాం.