చింతపండుతో తోమిన గడియారం

విదేశంలో, గిరావీన్‌ అనే పేటలో మేముంటున్న మా అమ్మాయి ఇంటి ప్రక్కన ఒక వృద్ధురాలు ఉండేది. వృద్ధాశ్రమానికి తరలిపోయే ముందు, ఇల్లు సర్దుకొనే ఆ కొద్ది రోజులూ తన గడియారాన్ని మా ఇంట ఉంచమని అడిగింది. చలి కాచుకొనే నిప్పుగూటి పైన నిలపడానికి ఫ్రాన్సు దేశంలో ఏనాడో చేసిన వస్తువది. కంచు పోతకు బంగారు పూత. తెల్లని ముఖఫలకం ప్రక్కన ఒరిగి కూర్చున్న స్త్రీమూర్తి. ఆదివారం ఉదయాన దానికి కీ ఇవ్వడం ఆవిడ భర్త నియమం. క్రిందటి చలికాలంలో ఆయన పోయాడు. ఒక చేత పట్టి మరొక చేత త్రిప్పే సత్తువ ఆవిడకు లేక గడియారం ఆగిపోయింది. అయినా ఆశ్రమపు గదిలోకి తనతో తీసుకుపోదలచిన వస్తువు అదొక్కటే.

మసకబారినదాన్ని మసకగానే తిరిగి ఇవ్వడం నా భార్యకు మర్యాదగా తోచలేదు. శుక్రవారం కుందులూ గంటా తోముతూ, ఆ చింతపండు గుజ్జే దీనికీ పట్టించి పీచుతో రుద్దింది.

"ఏమండీ, ఇది ఇత్తడి కాదా? తోమేకొద్దీ ఎర్రగా వస్తోందేంటండీ?"

నేను చూసేసరికి స్త్రీమూర్తి భుజాలూ, పీఠమూ రాగిరంగుకు తిరిగి ఉన్నాయి.

సాయంత్రం ఆఫీసు నుండి వచ్చిన అమ్మాయి తల పట్టుకుంది. "అమ్మా, యాంటీక్ అది! పైనంతా గోల్డ్! ఇంకాసేపుంటే నాన్న బట్టతలకి కూడా పులుసు పట్టించేదానివి. ఇప్పుడావిడకి ఏం చెప్తాం? ఫస్ట్ నుంచీ ఇలాగే ఉందందామా?"

"నోర్ముయ్యవే. నేనే చెప్తాను. నా ఇంగ్లీషు చాలకపోతే అందుకో."

ముగ్గురమూ వెళ్లాం. గడియారాన్ని బల్లమీద దించి, "సారీ... ఐ స్పాయిల్డ్," అని మాత్రం అనగలిగింది నా భార్య.

ఆవిడ ఆ భుజాల వంక చూడలేదు. పీఠపు ఎడమ అంచును బొటనవ్రేలితో తడుముతూ ఉండిపోయింది. కీ త్రిప్పేటప్పుడు భర్త ఎడమచేయి ఆనినది అక్కడేనట. ఏళ్ల తరబడి ఒరిపిడికి అక్కడ మాత్రం బంగారం అరిగి, వ్రేలి మేర ఒక ఎర్రని మచ్చ నిలిచిందట. ఆ మాటలు మాకు తెలుగులో చెప్పింది మా అమ్మాయి. ఇప్పుడు పీఠమంతా అదే రంగు. ఆ మచ్చను పోల్చుకొనే దారి లేదు.

మళ్లీ పూత వేయిస్తామన్నాం. ఆవిడ వద్దన్నది. ఆయన ముట్టిన లోహం మీద మరొక పొర కప్పవద్దన్నది.

సొరుగులోంచి గడియారపు తాళంచెవి తీసింది. నా భార్య ఎడమచేతిని పట్టుకొని, తడిమి తడిమి, ఆ అంచున ఒకచోట ఆనించింది. తాను రెండు చేతులా కీ త్రిప్పింది. గడియారం నడిచింది.

ఇప్పుడు ఆదివారాలు అమ్మాయి కారులో నా భార్య ఆశ్రమానికి వెళ్లి, ఆవిడ కీ త్రిప్పుతుంటే ఆ అంచు పట్టుకొని వస్తుంది. ఆ అంచుకు పులుపు తగలకూడదని, ఆ ఉదయాలు మా ఇంట చింతపండు నానదు.