పేరు మార్చినా పోని క్యాలెండరు

కంప్యూటర్ భాష పైథాన్ ఇంకా రెండో వెర్షన్‌లో ఉన్న రోజుల్లో గుడివాడలో ఒక రొయ్యల మేత డీలరు దగ్గర పనిచేశాను. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మావయ్యగారూ అనేదాన్ని. కొట్టు వెనక, మేత బస్తాల మధ్య, కిటికీ లేని గది నా ఆఫీసు. చెరువు రైతులు మేత ఆర్డరు పెట్టుకునే వెబ్‌సైటు తయారుచేయడం నా పని. సాయంత్రం ఇంటికి బందరు బస్సెక్కినా మేత కంపు నాతోనే వచ్చేది.

అలా ఉండగా హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించకపోతే చేర్చుకోరు. అవేమో మావయ్యగారి బీరువాలో ఉన్నాయి. పనిలో చేరినవాళ్ళ సర్టిఫికెట్లు తన దగ్గర పెట్టుకోవడం ఆయన అలవాటు, అప్పట్లో చాలామందికి ఉన్న అలవాటే. శనివారం అమావాస్య, ఆ లోపల సైటు నడిపించి తీసుకెళ్ళమన్నారు.

అమావాస్యకీ సైటుకీ ఏం సంబంధమంటారా? అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్యలు పాత పెంకు వదులుతాయి, మేత సరిగ్గా తినవు. కృత్తివెన్ను వైపు రైతులు ఆ రోజుల్లో మేత తగ్గించేస్తారు. అందుకని తిథి చూసి ఆర్డరు తగ్గించే చిన్న ఫైలొకటి రాసి, క్యాలెండర్ అని పేరు పెట్టాను. చెరువు గట్టు మీద ప్రతి షెడ్డులోనూ మేత కంపెనీ ఇచ్చిన క్యాలెండరు వేలాడుతుంది, అమావాస్య ఎప్పుడో అందరూ దాంట్లోనే చూస్తారు. ఇంకో పేరు నా బుర్రకు తట్టనే లేదు.

ఆ ఫైలు చేర్చి, శుక్రవారం పొద్దున సైటు నడపబోతే పడిపోయింది. పైథాన్‌లో ఆ పేరుతో ముందే ఒక ఫైలుంది. తేదీల లెక్క కోసం సైటు దాన్ని పిలిస్తే, ముందు నాది తగిలింది. కావలసింది అందులో లేదని ఇంపోర్ట్ ఎర్రర్. నాలిక్కరుచుకుని, పేరు పంచాంగం అని మార్చాను. మళ్ళీ అదే ఎర్రర్. అయితే తప్పు నా ఫైలుది కాదనుకుని పైథాన్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. కరెంటు పోయింది, వచ్చింది. ఎర్రర్ మాత్రం కదల్లేదు. మావయ్యగారు గుమ్మంలోకి వచ్చి అవుతోందా అని అడిగినప్పుడల్లా కంప్యూటరెత్తి బస్తాల మీదికి విసరాలనిపించేది. పైకి మాత్రం అయిపోతోందండీ అనేదాన్ని.

మధ్యాహ్నం అన్నం కూడా తినబుద్ధి కాలేదు. చివరికి ఏ క్యాలెండరు తెస్తున్నావో చెప్పమని పైథాన్‌నే అడిగాను. నా ఫోల్డరులోదే తెస్తోంది! నేను పేరు మార్చింది నేను రాసిన ఫైలుకే. నడిపేటప్పుడు పైథాన్ తనకోసం చేసుకున్న పీవైసీ నకలు పాత పేరుతో అక్కడే ఉంది. దాన్ని తీసిపారేశాను. సైటు లేచింది.

మావయ్యగారు కుర్చీ లాక్కుని కూర్చుని, ఏం జరిగిందని అడిగారు. పేర్ల గొడవ, నకలు గొడవ అంతా సంబరంగా చెప్పాను.

"ఇదంతా నీకు తప్ప ఇక్కడ ఎవరికి తెలుసమ్మా?"

ఎవరికీ తెలియదండీ, రాసిచ్చి వెళ్తానన్నాను. సర్టిఫికెట్లు అడిగాను.

"వాటికేం తొందర? భద్రంగానే ఉన్నాయిగా. ఈ పంట దాటనీ, చూద్దాం."

అంటూనే కృత్తివెన్ను రైతొకాయనకి ఫోను చేసి, మా అమ్మాయి ఉందండీ, ఏదొచ్చినా చూసుకుంటుంది అని చెప్పారు. ఆ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. అది విని నాకు ఏడుపొచ్చింది. సోమవారం పొద్దున నేను గుడివాడ బస్సే ఎక్కాను.