గ్రేసమ్మ గారు కడిగించిన ఇసుక

ఇవాళ పొద్దున ఒకాయన సముద్రపు ఒడ్డు నుంచి సంచీడు ఇసుక తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఇంట్లో కొత్తగా పెట్టుకున్న గాజు తొట్టిలో చేపలతో పాటు మొక్కలు కూడా పెంచాలట, ఇసుక పనికొస్తుందో లేదో చెప్పమన్నారు. తెల్లగా, ముచ్చటగా ఉంది. గుప్పెడు తీసి గ్లాసులో వేసి పైన వెనిగర్ పోశాను. సన్నటి బుడగలు బుసబుసమంటూ పైకి లేచాయి. ఇందులో గవ్వల పొడి ఉందని, అది నీళ్ళలో మెల్లగా సున్నం వదులుతుందని, మొక్కలు పాడవుతాయని చెప్పి పంపేశాను. ఆయన వెళ్ళాక కూడా ఆ పుల్లటి వాసన బల్ల దగ్గరే ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, గ్రేసమ్మ గారి మీద. ఆవిడ చనిపోయి రెండేళ్ళు దాటింది. అయినా ఆ వాసన తగిలితే నాకు మొదట వచ్చేది కోపమే.

గ్రేసమ్మ గారు నెల్లూరులో ఒక కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబులో చాలా ఏళ్ళు పని చేసి రిటైరయ్యారు. తరవాత ఇంటి ముందు గదిలోనే ఈ మొక్కల తొట్ల పని మొదలుపెట్టారు. ఆస్పత్రులకూ ఆఫీసులకూ తొట్లు అమర్చేవారు. నాది విడవలూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. డిగ్రీ అయ్యాక ఎక్కడా పని దొరక్క ఆవిడ దగ్గర చేరాను. చేపల గురించి నేర్చుకుంటానని ఎంతో ఆశపడ్డాను. మొదటి నెల చేప మొహం చూడలేదు. ఇసుక కడిగాను. పెన్న ఇసుక తెప్పించి, జల్లెడ పట్టి, బకెట్లో వేసి, నీళ్ళు పోసి, చేత్తో కలిపి, మట్టినీళ్ళు వంచెయ్యడం. ఎనిమిదిసార్లు వంచాక ఇక చాలనుకునేదాన్ని. ఆవిడ ఆ నీళ్ళు గాజు గ్లాసులోకి తీసుకుని, దాని వెనక పాత దినపత్రిక పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని చదివేవారు. అక్షరాలు మసకగా ఉంటే గ్లాసు నా చేతికిచ్చి, "మళ్ళా కడుగు పాపా" అని లోపలికి పోయేవారు. నా గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయేది. ఆవిడకి చూపు మందగించిందేమో, అక్షరాలు ఎంత కడిగినా కనపడవేమో అని నాకు గట్టి అనుమానం.

ఇసుక తరవాత మన్ను. తొట్టి అడుగున రెండు వేళ్ళ మందం పొలం మన్ను పరిచి, అది నీళ్ళలో కలవకుండా పైన ఇసుక కప్పడం ఆవిడ పద్ధతి. ఆ మన్ను కోసం మనుబోలు దాకా తీసుకెళ్ళారు. మన్ను ఇస్తానన్న రైతుని గట్టు మీద నిలబెట్టి, ఏం మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారు, పక్క చేలోంచి నీళ్ళు దిగుతాయా అని పోలీసులు అడిగినట్టు అడిగారు. ఆయన విసుగొచ్చి, మేడమ్, ఇది తినడానికా అన్నాడు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. తెచ్చిన మన్నుని నేను అలవాటు కొద్దీ ఇసుక కడిగినట్టే కడగబోతే, ఆవిడ వచ్చి బకెట్ లాక్కున్నారు. పైకి తేలిన గడ్డీ వేర్లూ మాత్రం తీసెయ్యాలట, మన్నులో ఉన్న సారం పోనివ్వకూడదట. నిన్నటిదాకా కడుగు కడుగు అన్నారు, ఇవాళ కడగొద్దంటారేంటని అడిగేశాను.

"ఇసక పని వేరు, మన్ను పని వేరు. మొక్కని ఇసక పట్టుకోవాల, మన్ను దానికి అన్నం పెట్టాల. అన్నం కడిగి పారబోస్తావా?" అన్నారు.

మాట బాగానే ఉంది. అది ముందు రోజే చెప్పొచ్చుగా అన్నది నా బాధ. ఆవిడ ఏదీ ముందు చెప్పరు. చేసి చెడగొట్టాక చెప్తారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ కూడా, ఎవరో ఇల్లు కట్టుకుంటున్న చోట ఇసుక కుప్ప కనపడితే ఆగిపోయేవారు. ఒక చేతిలో బైబిలు, రెండో చేత్తో కొంగులోకి గుప్పెడు ఇసుక. ఆ ఇంటివాళ్ళు చూస్తుంటే పక్కనున్న నేను వేరే ఎవరో అన్నట్టు నాలుగడుగులు ముందుకు నడిచేదాన్ని.

రెండో ఏడు ఒక కంటి ఆస్పత్రివాళ్ళు రోగులు కూర్చునే హాల్లో పెద్ద తొట్టి పెట్టమన్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పి ఎక్కువై, అమర్చే పని మొత్తం నాకే వదిలారు. సగం పరిచేసరికి ఇసుక చాలలేదు. పెన్న ఇసుక మళ్ళీ తెప్పించి, మళ్ళీ కడిగి, ఆ పత్రిక పరీక్ష మళ్ళీ పెట్టించుకునే ఓపిక నాకు లేదు. మా ఊరివైపు నుంచి మా అన్నతో రెండు బస్తాలు తెప్పించుకున్నాను. నీళ్ళు అద్దంలా వచ్చేదాకా కడిగాను. కొత్త ఇసుక ఏది వచ్చినా ఆవిడ వేయించే వెనిగర్ మాత్రం వెయ్యలేదు. వేస్తే ఏమవుతుందో తెలిసే వెయ్యలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వారం తిరక్కుండానే కొత్త చిగుళ్ళు పసుపురంగుకి తిరిగాయి. ఆకుల మీద తెల్లటి పొర కట్టింది. రెండో వారంలో ఎర్రాకు మొక్కలు మొదలు కుళ్ళి పైకి తేలాయి. నేను పొద్దున్నే వెళ్ళి, తేలినవి ఏరి సంచీలో వేసుకుని, కొత్తవి గుచ్చి వచ్చేదాన్ని. గ్రేసమ్మ గారు రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళారు. మూడో వారం ఆవిడ నన్ను ఆటో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తొట్టిలోంచి చెంచాడు ఇసుక తీసి, సంచీలోంచి వెనిగర్ సీసా తీసి, నా ఎదురుగానే రెండు చుక్కలు వేశారు. బుడగలొచ్చాయి. డాక్టరు గారికి చెప్పాల్సింది నేనేనని, తను పక్కన నిలబడతానని అన్నారు. చెప్పాను. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. ఆవిడకి ఎలా తెలిసిందన్నదే నాకు అర్థం కాలేదు. హాల్లోకి తిరిగొచ్చాక అడిగాను.

"మొదటి వారమే చూసినా. ఆ ఇసక తెలుపు పెన్నలో యాడ ఉంది?"

"మరి అప్పుడే చెప్పలేదేం మేడమ్?"

"నువ్వు చెప్తావేమోనని చూసినా."

మూడు వారాలు. నా నోటి నుంచి ఒక్క మాట కోసం అన్ని మొక్కలు కుళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నారు. తప్పు నాదే, కాదనను. కానీ నాకు పరీక్ష పెట్టడానికి ఆ మొక్కలేం చేశాయని అడిగాను. హాల్లో రోగులు వింటున్నారని కూడా చూసుకోలేదు. ఆవిడ తొట్టిలో తేలుతున్న మొక్క ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

"అది నా తప్పే. నీ మీద పంతంతో వాటిని చంపినాను."

తరవాత నేల మీద కూలబడి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని, మగ్గుతో నీళ్ళు తోడడం మొదలుపెట్టారు. వద్దన్నా వినలేదు. చేపల్ని బకెట్లలోకి మార్చి, ఆ అడుగంతా ఎత్తి పారేసి, తొట్టి తుడిచేసరికి సాయంత్రమైంది. పని జరుగుతున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉన్నారు. నేనూ ఊరుకోలేదు.

ఆ తరవాత ఆరేళ్ళు ఆవిడ దగ్గరే ఉన్నాను. అలవాట్లు ఏమీ మారలేదు. ఇసుక మళ్ళా కడగమనడమే. కానీ నా తప్పు కనపడితే ఆ రోజే మొహం మీద చెప్పేవారు, అదీ పక్కింటివాళ్ళకి వినపడేంత గట్టిగా. ఆఖర్న గుండె జబ్బుతో మంచాన పడ్డప్పుడు నేను వెళ్ళి కూర్చునేదాన్ని. ఒకరోజు ఎలా ఉందని అడగడానికి బదులు, తడలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసుకి పెట్టిన తొట్టి సంగతి చెప్పాను. వెనకవైపు మన్ను మరీ మందంగా పరిచానని, అడుగు నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసనతో బుడగలు వస్తున్నాయని.

"ఎప్పుడు చూసినావు?"

పొద్దున్నే చూశానని చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మెచ్చుకుంటారేమో అనుకున్నాను.

"మరి ఈడెందుకు కూర్చున్నావు? చేపలు చచ్చిపోతాయి. పో."

వెళ్ళాను. ఆ మన్నంతా తీసి, మళ్ళీ పరిచి వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆ మధ్యలోనే ఆవిడ పోయారు. ఆఖరి మాటగా నాకు మిగిలింది ఆ 'పో' ఒక్కటే. చర్చిలో అందరూ ఆవిడ శాంతం గురించి, ఓర్పు గురించి మాట్లాడుతుంటే వాళ్ళు ఎవరి గురించి చెప్తున్నారో నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు పని చేస్తున్నారు. వాళ్ళకి పని మొదలుపెట్టకముందే ఏది ఎందుకో చెప్తాను. తప్పు కనపడితే ఆ పూటే చెప్తాను, నాదైతే ఇంకా ముందు చెప్తాను. మొక్కని పణంగా పెట్టి మనిషిని పరీక్షించను. ఇందులో సగం గ్రేసమ్మ గారు నేర్పింది, సగం ఆవిడ మీది కోపం నేర్పింది. ఏది ఏ సగంలోదన్నది విడదియ్యడం నా వల్ల కాలేదు. ఆ మూడు వారాలు మాత్రం నేనింకా క్షమించలేదు. బతికుంటే ఆవిడా నా రెండు బస్తాల్ని క్షమించి ఉండేవారు కాదు.