ఎదురింటి ఆంటీ పరామర్శ

నా చిన్నప్పుడు, మేం గుంటూరు వదిలి సిడ్నీలోని క్వేకర్స్ హిల్‌కి వచ్చిన కొత్తలో, పక్కింటి అక్క భర్త సముద్రపు బండల మీద చేపలు పడుతూ అల కొట్టి చనిపోయాడు. మరునాడు ఆ ఇల్లు మనవాళ్ళతో నిండిపోయింది. అందరూ మంచివాళ్ళే. ఎవరి చేతిలో చూసినా సాంబారు గిన్నో పెరుగు డబ్బానో. కానీ చెప్పులు విప్పగానే ప్రతి ఒక్కరూ అక్క పక్కన చేరి, చేయి పట్టుకుని అడిగేది ఒకటే, "ఎలా జరిగిందమ్మా?"

అలా అడక్కపోతే పట్టించుకోలేదనుకుంటారని మనకో భయం. అక్క పాపం మళ్ళీ మొదటినుంచి చెప్పేది. ఆ బండ, ఆ అల, పోలీసులు తలుపు తట్టడం. మధ్యాహ్నానికి గొంతు పోయింది. పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. ఎవరైనా అడిగితే పెదాలు మాత్రం కదిలేవి. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందని మా అమ్మ భయపడింది.

అప్పుడు వచ్చింది ఎదురింటి ఆంటీ. వరంగల్ మనిషి. ఆవిడ నోటికి వీధి మొత్తం జడిసేది. వంటింట్లోంచి కుర్చీ లాక్కెళ్ళి గరాజ్‌లో, అందరూ చెప్పులు విడిచే చోట వేసుకు కూర్చుంది. వచ్చినవాళ్ళని అక్కడే ఆపింది. "ఏమైందో నేను చెప్తా, ఈడనే వినుండ్రి. లోపలికి పోయినంక ఆమెనేం అడగొద్దు." చెప్పడం అయ్యాక ఒకరికి అంట్లు, ఇంకొకరికి ఇండియా ఫోన్లు అప్పజెప్పేది. నన్ను అక్క దగ్గర కూర్చోమంది.

"కూర్చుని ఏం మాట్లాడాలి?" అన్నాను.

"ఏం మాట్లాడకు. నీ నోటికి ఇయ్యాల సెలవు."

ఊరికే కూర్చుంటే ఏం లాభమని వాదించాను. నాకు అప్పుడే ఆ గుణం ఉంది. ఆంటీ నా చేతికి గోరువెచ్చని నీళ్ళ గ్లాసు ఇచ్చి పంపింది.

సాయంత్రానికి ఇల్లు కాస్త నెమ్మదించింది. అక్క రెండు గుక్కలు తాగింది. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, "రేపు చెత్త లారీ వస్తుంది. బిన్ బయట పెట్టలేదు. ఆయనే పెట్టేవారు" అంది, వినపడీ వినపడనట్టు. మా నాన్న పెడతాడని నేను అనబోయేలోగా ఆంటీ నా భుజం నొక్కింది.

"పిడి ఎటు దిక్కు ఉండాలె? ఇంటి దిక్కా, రోడ్డు దిక్కా?" అని అక్కనే అడిగింది.

ఆంటీ వాళ్ళింటి బిన్ అప్పటికే రోడ్డుకి అవతల పద్ధతిగా నిలబడి ఉంది. తెలియక అడిగిందంటే ఎవరు నమ్ముతారు?

"ఇంటివైపు" అంది అక్క. "నేనే పెడతాను" అంటూ లేచింది.

ఒక పెద్ద అంకుల్ గొంతు సవరించుకుని, ఈ పది రోజులూ అమ్మాయి గడప దాటకూడదేమో అన్నాడు.

"లారీవానికి మన మైల సంగతి తెల్వదన్నా" అంది ఆంటీ తాపీగా.

ముగ్గురం బిన్ తోసుకెళ్ళాం. అక్క దాన్ని అటూ ఇటూ జరిపి సరిగ్గా నిలబెట్టింది. లోపలికొచ్చి, కాస్త పెరుగన్నం కలపమని మా అమ్మని అడిగింది.

ఆ తరవాత అక్క ఏళ్ళ తరబడి ఏడ్చింది, ఏడవదా మరి. ఒక్క సాయంత్రంతో దుఃఖం తీరిపోయే కథలంటే నాకు ఒళ్ళు మంట. కానీ ఆ పూట అన్నం తింది, నిద్రపోయింది.

ఈమధ్య మా కమ్యూనిటీ హాల్లో, ఇలాంటి ఘోరాలు జరిగినప్పుడు మనసుకి ప్రథమ చికిత్స ఎలా చేయాలో నేర్పారు. తవ్వి తవ్వి అడగొద్దనీ, వాళ్ళు చేయగలిగింది వాళ్ళనే చేయనివ్వమనీ బోర్డు మీద రాస్తుంటే, ఇదంతా నేను ఓ గరాజ్‌లో నేర్చుకున్నానని ఆ నేర్పే అమ్మాయితో వాదన పెట్టుకున్నాను. "అయితే నెక్స్ట్ సెషన్ మీరే తీసుకోండి ఆంటీ" అంది నవ్వుతూ.

మొన్న మా వీధి చివర, కారు ప్రమాదంలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు మీకేం కావాలి అని ఒక్కటే అడిగాను. జవాబుకి చాలాసేపు పట్టింది. మాట్లాడకుండా కూర్చోవడం నాకు ఇప్పటికీ చేతకాని పనే. ఆ తల్లి "కిటికీ తెరవండి" అనేదాకా మాత్రం కూర్చున్నాను.