గోడకు అవతల సరోజిని

టాటీబంధ్ కూడలి వెనక, లారీలు ఆగే మైదానానికి ఆనుకుని ఇళ్ల వరస ఒకటుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. అందులో నాలుగో ఇల్లు రమణమ్మది, ఐదోది సరోజినిది. ఇద్దరూ పలాస పక్క పల్లెల నుంచి పెళ్లిళ్లై రాయపూర్ వచ్చినవాళ్లే. ధర్సీవా దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో పాతికేళ్లు పక్కపక్కనే పనిచేశారు. ఉడికిన ధాన్యాన్ని కళ్లంలో పరిచి, పొగలు కక్కుతుండగానే కాళ్లతో కలియదిప్పుతూ అటూ ఇటూ నడవాలి. పైన ఎండ, కింద ఆవిరి. నడిచిన నడకంతా ముసలితనంలో మోకాళ్లలోకి వచ్చి కూర్చుంది.

పగలు ఏదో పనిలో పడి గడిచిపోయేది. నడుం వాల్చాకే అసలు బాధ. ఎటు ఒత్తిగిలినా మోకాళ్లలో సలుపే. అరవై ఏడేళ్ల రమణమ్మ కళ్లు తెరుచుకునే పడుకుని, "తొందరగా పొడవయ్యా నాయనా" అని అరసవల్లి సూర్యభగవానుణ్ని పిలుచుకునేది. ఆ రాత్రుల్లో వాళ్లిద్దరికీ ఒక అలవాటైంది. మంచం పక్కనున్న స్టీలు గ్లాసుతో గోడమీద రెండుసార్లు కొడితే, మెలకువగా ఉన్నావా అని. అటునుంచి రెండుసార్లు వినిపిస్తే, ఉన్నానులే అని. ఆ చప్పుడు చెవినబడితే భగవంతుడు ఒక మనిషిని తోడు పంపినట్టే ఉండేది రమణమ్మకి.

కిందటేడు వానలు వెనకబట్టాక ఆవిడ ధర్సీవా సంతకు వెళ్లింది. అక్కడ పెద్ద గొడుగు కింద ఒకాయన కీళ్లనొప్పులకి పొడి పొట్లాలు అమ్ముతున్నాడు. పక్షం రోజులకు సరిపడా తెచ్చుకుంది. మొదటి పొట్లం వేసుకున్న రాత్రి పడుకున్న మనిషి, పాలవాడి గంట వినిపించాకే లేచింది. లేచి, పక్కమీదే కూర్చుని ఏడ్చింది. ఎన్నేళ్లయిందో అలా నిద్రపోయి.

తలుపు తీసేసరికి సరోజిని గుమ్మంలో ఉంది.

"ఏటే, రాత్రి మూడు మాట్లు కొట్టేను. సచ్చిపోనావేటోనని గుండె ఆగిపోనాది నాకు."

"నిద్దరట్టీసిందే."

"నిద్దరా! నీకా! ఏ దేవుడిచ్చేడే?"

"సంతలో గొడుగు కింద కూకున్న దేవుడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తనొక్కతే హాయిగా పడుకోవడం రమణమ్మకి పాపంలా తోచింది. ఉన్న పొట్లాల్లో సగం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"నాకు సుగరుంది కదే. పరవానేదా?"

"అడిగేన్లే. ఏటీ అవదన్నాడు."

ఆయన్ని అడగలేదు రమణమ్మ. అడగాలని తోచనే లేదు. స్నేహితురాలు భయపడకూడదని నోటికొచ్చిన మాట అనేసింది.

ఆ తరవాత నాలుగు నెలలు గోడ మాట్లాడలేదు. పొట్లాలు అయిపోయినప్పుడల్లా రమణమ్మే సంతకెళ్లి ఇద్దరికీ తెచ్చేది. అటు ఒకరు, ఇటు ఒకరు నిద్రపోయారు. రమణమ్మ ముఖం గుండ్రంగా తయారైతే, మనవరాలు నవ్య "నానమ్మ మోటీ అయిపోయింది" అని బుగ్గలు గిల్లేది. చెప్పు ఒరుసుకుని సరోజిని పాదానికి చిన్న పుండు పడింది. మానలేదు. కొడుకు యోగేష్ కంగారుపడతాడని ఆవిడ దాన్ని మేజోడు కింద దాచుకుంది. ఒకరోజు పొద్దున్న ఎంత లేపినా లేవలేదు.

ఆసుపత్రిలో రెండు రోజులకు స్పృహ వచ్చింది. పాదం నల్లబడిపోయింది. ఆ సాయంత్రం బట్టలకోసం ఇంటికొచ్చిన యోగేష్‌కి రమణమ్మ టీ ఇచ్చింది.

"పెద్దమ్మా, షుగర్ ఇంత ఎలా పెరిగిందని డాక్టర్ బార్ బార్ అడుగుతోంది. ఇంకేమైనా దవాయి తిన్నారా అంటే, అమ్మ కుఛ్ నహీ, ఏమీ లేదు అంటోంది. నీకేమైనా తెలుసా? రేపే ఆపరేషన్."

"నాకేటి తెలుసు బాబూ" అంది రమణమ్మ. ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి వెళ్లిపోయింది. రమణమ్మకి చెడ్డపేరు రాకూడదని సరోజిని నోరు కట్టుకుని పడుకుంది, అంత కష్టంలోనూ. ఆ సంగతి తెలిసీ ఆ రాత్రి రమణమ్మ పొట్లం వేసుకుంది. నిద్ర కూడా పట్టింది. తెల్లారి దేవుడి పటం ముందు నిలబడితే చేతులు జోడించడానికి మనసొప్పలేదు.

మిగిలిన పొట్లాలు కొంగున ముడేసుకుని ఆటో ఎక్కింది. ఆసుపత్రి మెట్లు పన్నెండు. ఎవరో ముక్కూముఖం తెలియని ఛత్తీస్‌గఢీ ఆవిడ, చంకలో బిడ్డ ఉన్నా, రెండో చెయ్యి అందించి పైదాకా ఎక్కించింది.

యోగేష్ ఎదురుగానే డాక్టరమ్మకి అంతా చెప్పింది. ఆవిడ పొడిని కాగితం మీద పోసి చూసింది. స్టెరాయిడ్, నిద్రమందు కలిపి ఉంటారనీ, షుగర్ పెరిగింది దీనివల్లే కావచ్చనీ అంది. ఈ సంగతి తెలియకుండా ఆపరేషన్ చేస్తే ప్రాణానికే ముప్పట. రమణమ్మ కూడా ఒక్కసారిగా మానకూడదని మాత్రలు రాసి, వారం వారం తగ్గించుకోమంది.

"ముందే సెప్పుంటే కాలు దక్కీదా తల్లీ?"

డాక్టరమ్మ మందుచీటీ ఆవిడ చేతిలో పెట్టి వార్డులోకి వెళ్లిపోయింది. యోగేష్ కిటికీ వైపు తిరిగిపోయాడు. అయినా కాసేపటికి, రమణమ్మ నిలబడే ఉందని చూసి, స్టూలు జరిపాడు.

మోకాలి కిందనుంచి కాలు తీసేశారు.

సరోజినిని ఇంటికి తెచ్చేసరికి నెలయింది. అప్పటికి రమణమ్మ మాత్రలు బాగా తగ్గాయి. తగ్గిన కొద్దీ పాత నొప్పి ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తూ ఐదో ఇంటికి వెళ్లి, మంచం పట్టె మీద కూర్చుంది.

"ఒలే, నాను సంతలో అతగాణ్ని అడగనేదే. నీకు అబద్దం సెప్పేను."

సరోజిని కళ్లు మూసుకునే అంది. "నాకెరికే. నువ్వడిగుంటే ఏటడిగేవో, అతగాడేటన్నాడో పొద్దుగూకీదాకా సెప్పీదానివి. ఒక్క ముక్కలో తేల్చీసినావు."

"ఎరిగుండీ ఎందుకు మింగేవే?"

"నిద్దర కావాలి నాకు."

బయట లారీ ఏదో వెనక్కి తిరుగుతూ కూతపెట్టింది. రమణమ్మ దుప్పటి సర్దబోయి, కాలు ఉండాల్సిన చోట చెయ్యి ఆపేసింది.

"నీకిప్పుడు నిద్దర పడతందేటి?" అడిగింది సరోజిని.

"నేదు."

"పడతంటే నీ మొకం సూడకపోదును."

ఆ రాత్రి రమణమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. గ్లాసు అందే చోటే ఉంది, కొట్టడానికి ధైర్యం చాలలేదు. ఎంతసేపయిందో, అవతలనుంచి ఒక్క దెబ్బ పడింది. రెండోదాని కోసం ఊపిరి బిగబట్టి చూసింది. చాలాసేపటికి అదీ పడింది.