మా కాలేజీలో చదవని ఎడమచేతి బౌలర్

ఐర్లాండ్‌లో తెలుగువాళ్లిద్దరు ఎదురుపడితే మొదట ఏ ఊరని అడుగుతారు, ఆ వెంటనే ఏ కాలేజీ అని. మేం అక్కడ క్లోనీ అనే ఊళ్లో ఉన్నప్పుడు ఆ రెండో ప్రశ్న మీద ఏకంగా ఒక క్రికెట్ లీగ్ నడిచేది. కంపెనీలు పోటీపడి ఆఫీసులు తెరుస్తున్న కాలం. డేటా సెంటర్ కడుతున్న క్రేన్లు మా వంటింటి కిటికీలోంచి కనిపించేవి. ఎప్పుడు చూసినా ఎవరో ఒక కొత్త ఇంజనీరు సూట్‌కేసుతో దిగుతుండేవాడు.

ఎండాకాలం ఆదివారాలు ఆట. మన దగ్గర ఏ కాలేజీలో చదివితే ఆ కాలేజీ పేరు మీద జట్టు. పదకొండు మందీ ఆ కాలేజీవాళ్లే కావాలి, ఒక్కడు కాకపోయినా ఆట ఓడిపోయినట్టే. సర్టిఫికెట్లు ఎవరూ అడగరు. అనుమానం వస్తే ఎదుటి కెప్టెన్ టాస్‌కి ముందు పక్కకి పిలిచి మీ క్యాంటీన్ గురించి, హాస్టల్ గురించి, లెక్చరర్ల ముద్దుపేర్ల గురించి అడుగుతాడు. దాన్ని మేం వైవా అనేవాళ్లం.

మా జట్టుకి నేను కెప్టెన్ని. ఆ ఏడాది నాతో కలిపి పదిమందే తేలాం.

ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే అతనికి మాత్రం జట్టే లేదు. చిన్న టౌను బయట ఎవరో పెట్టి, కొన్నాళ్లకి మూసేసిన కాలేజీ అతనిది. భార్య పోర్ట్‌లీష్ అనే ఊళ్లో ఆసుపత్రి డాక్టరు కాబట్టి కాపురం అక్కడ. అయినా ఆదివారం రైలెక్కి వచ్చి, బౌండరీ పక్కన నిలబడి చేతిలో బంతి తిప్పుకుంటూ ఉండేవాడు. మీ టీమ్ ఏదని ఎవరైనా అడిగితే, "ఇంకో పదిమంది దిగాలన్నా" అని నవ్వేవాడు.

నెట్స్‌లో ఒకసారి నాకు ఎడమచేత్తో బంతులు వేశాడు. రెండుసార్లు బౌల్డయ్యాను. ఆ సాయంత్రమే చెప్పాను, "ఇవాళ్టినుంచి నువ్వు మా జూనియర్‌వి."

"అబద్ధం కదన్నా?"

"ఆడాలనుందా లేదా?"

ఆడాలని ఎంత ఉందో అతని ముఖం చూస్తే తెలుస్తోంది. నేను దాన్నే వాడుకున్నాను.

మా వంటింట్లో పాఠాలు మొదలయ్యాయి. షాక్ కొట్టే హాస్టల్ కుళాయి ఏది, క్యాంటీన్ బాబాయి మిరపకాయ బజ్జీలో ఏం కూరేవాడు, బస్సు ఎక్కడ ఎక్కితే సీటు దొరికేది. టీ పోస్తూ మా ఆవిడ అంది, "పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇన్ని అడగలేదు మీరు."

"అప్పుడు ప్రశ్నలు మీరు వేసుంటే అన్న ఫెయిలయ్యేవాడు వదినా" అన్నాడతను. మా ఆవిడ ఇంకో గరిటె పులిహోర అతని ప్లేటులో వేసింది.

త్వరగానే నేర్చుకున్నాడు. ఎంతగా అంటే, అతను కుళాయి కథ చెప్తుంటే మా అసలు జూనియర్లు "అవునన్నా, నాకూ కొట్టింది" అని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. మధ్యలో ఎప్పుడైనా "మా కాలేజీలో అయితే" అని మొదలుపెడితే మాత్రం, "మన కాలేజీ అను, అలవాటు తప్పుతుంది" అని ఆపేసేవాణ్ని. ఆ మాట తర్వాత ఏం చెప్పబోయాడో ఒక్కసారీ వినలేదు.

అతని బౌలింగ్‌తోనే సెమీఫైనల్ దాకా వెళ్లాం. అక్కడ మాకు ఎదురైంది ఊళ్లో మా కాలేజీ రోడ్డులోనే ఉన్న కాలేజీ జట్టు. మా క్యాంటీన్‌లో మాకంటే వాళ్లే ఎక్కువ తిన్నారు. వాళ్ల కెప్టెన్ అతన్ని పిలిచాడు.

"తమ్ముడూ, బాబాయి బజ్జీలో ఏముండేది?"

"వాము, చింతపండు. అడిగితే ఉల్లిపాయ. అడక్కపోతే తిట్టు."

అందరూ గొల్లుమన్నారు. ఆ కెప్టెన్ అతని భుజం తట్టి నావైపు తిరిగాడు. "ఏమనుకోకు మామా. ఈమధ్య రేకుల షెడ్డులో చదివినవాళ్లు కూడా ఇంజనీర్లమని దిగుతున్నారు. మనం చూసుకోవాలి కదా."

నేను నవ్వాను. అవసరమైనదానికంటే గట్టిగా నవ్వాను.

అతను నన్నే చూశాడు. తర్వాత ఆ కెప్టెన్‌తో మెల్లగా అన్నాడు, "మాది రేకుల షెడ్డే అన్నా. వానొస్తే పాఠం వినపడేది కాదు. నేను చదివింది అక్కడే, వీళ్ల కాలేజీలో కాదు."

ఆడకుండానే ఓడిపోయాం. మావాళ్లు ఎవరి కార్లు వాళ్లెక్కి వెళ్లిపోయారు. ప్రతి ఆదివారం అతన్ని స్టేషన్లో దించేది నేనే. ఆ రోజు అతను నా కారు వైపు వస్తుంటే చూసి కూడా స్టార్ట్ చేశాను. చినుకులు పడుతున్నాయి. అద్దంలో అతను ఆగిపోవడం కనిపించింది.

దింపారా అని మా ఆవిడ అడిగితే, దింపానన్నాను. మర్నాడు అతను ఆఫీసుకి రాలేదు. సాయంత్రం సరుకుల కోసం డిక్కీ తెరిచి తను కేకేసింది. లోపల అతని బ్యాగు, బూట్లు, మార్చుకోవడానికి తెచ్చుకున్న పొడి చొక్కా.

"మరి తడిసిన బట్టల్తో రైలెక్కాడా?"

తను పులిహోర డబ్బా ఒకటి బ్యాగు పక్కన పెట్టి, తాళాలు నా చేతిలో పెట్టింది.

పోర్ట్‌లీష్‌లో తలుపు తీసింది అతని భార్య. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, మెళ్లో ఆసుపత్రి కార్డు ఇంకా వేలాడుతోంది. "రండన్నయ్యా" అని లోపలికి పిలిచింది గానీ నవ్వలేదు. అతను సోఫాలో దుప్పటి కప్పుకుని తుమ్ముతున్నాడు. దారంతా క్షమించమనే మాటలు అల్లుకుంటూ వచ్చాను. అతని ముందు కూర్చున్నాక ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

"నవ్వకుండా ఉండాల్సింది" అన్నాను.

"అవునన్నా."

పర్లేదని నన్ను తేలికపరచలేదు. అదే న్యాయం. బయట వాన పెద్దదైంది. అప్పుడు అడిగాను, ఎప్పుడో అడగాల్సిన మాట. "మీ క్యాంటీన్‌లో ఏముండేది?"

"క్యాంటీన్ ఎక్కడిదన్నా? గేటు దగ్గర బండి." అతను దుప్పటి తీసి నిటారుగా కూర్చున్నాడు. బండి మామ్మ బొరుగులతో చేసే ఉగ్గాణి గురించి చెప్పాడు. వాన పడ్డప్పుడు పాఠం బోర్డు మీద రాసి, చేతులతో సైగలు చేసే లెక్కల సార్ గురించి చెప్పాడు. ఆ సైగలు చేసి చూపించాడు కూడా. అతని భార్య పులిహోర ప్లేట్లలో పెట్టి తెచ్చి, ఇవన్నీ ఇంతకుముందే విన్నట్టు, అతనికంటే ముందే నవ్వింది.

లేవబోతుంటే ఆపాడు. "కూర్చో అన్నా, వైవా ఉంది. బండి మామ్మ ఏం చేసేది?"

"ఉగ్గాణి."

"లెక్కల సార్ ఇంటిగ్రేషన్ ఎలా చూపించేవాడు?"

గాల్లో చెయ్యి పైనుంచి కిందికి మెలి తిప్పాను. తప్పన్నాడు. మళ్లీ తిప్పాను.

"పాస్" అన్నాడు తుమ్ముతూనే. "ఇంకో తొమ్మిదిమంది దిగాలన్నా."