ఎల్లస్వామి సారు మొండి లెక్కలు

ఎల్లస్వామి సారు భయస్థుడు. గురువును పట్టుకొని ఇంత మాట అనొచ్చా అంటే, అంటాను. ఆయన ముందే అనేదాన్ని, నవ్వేవాడు. బడి ముందు గుర్రపు డెక్కల చప్పుడైతే చాలు, పాఠం ఆపి కిటికీ దగ్గరికి ఉరికేవాడు. ఏ పటేలో పోతున్నాడని తెలిశాక వెనక్కి వచ్చి, మెడ మీది చెమట తుడుచుకొని, "యాడున్నం మనం?" అని మమ్మల్నే అడిగేవాడు.

ఊరికే భయపడేవాడు కాదులెండి. నకిరేకల్ పక్కన మా ఊరి బడిలో ఆరో జమాత్, అంటే ఆరో తరగతి, ఆ ఏడే తెరిచారు. నిజాం సర్కారు ఒక సంవత్సరం చూస్తుంది. తనిఖీకి గుర్రమెక్కి వచ్చే దొర బాగుందంటే ఉంటుంది, లేదంటే ఎత్తేస్తారు. ఎత్తేస్తే మగపిల్లలు నల్లగొండకు పోయి చదువుకుంటారు. నన్నెవరు పంపుతారు? మా నాయిన మల్లన్న ముందే తేల్చేశాడు. "యాదలక్ష్మీ, బడి ఊర్ల ఉన్నన్ని దినాలు పో. ఆ తర్వాత ఇంట్ల పని చూస్కో." జమాత్‌లో పదకొండు మందిమి, ఆడపిల్లను నేనొక్కదాన్నే. తనిఖీ తలచుకుంటే సారుకే కాదు, నాకూ అన్నం దిగేది కాదు.

ఆరో జమాత్ నుంచి పాఠాలన్నీ ఉర్దూలోనే చెప్పాలని హుకుం. "ముఫ్రద్ అదద్" అని అందరం గొంతు చించుకొని అరిచేవాళ్లం. అదేమిటో ఒక్కరికీ తెలియదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నెల రోజులు ఓపిక పట్టి, ఒకనాడు సారు తలుపు దగ్గరికి వేసి, సంచిలోంచి చింతగింజలు నేల మీద పోశాడు. గొంతు తగ్గించి తెలుగులో మొదలుపెట్టాడు.

పన్నెండు గింజలు రెండు వరుసల్లో సరిగ్గా కూర్చుంటాయి. మూడింటిలో, నాలుగింటిలో కూడా కూర్చుంటాయి. కాబట్టి అవన్నీ పన్నెండుకు కారణాంకాలు. మూడేసి గింజల వరుసలు పెంచుకుంటూ పోతే వచ్చే మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, ఇవన్నీ మూడుకు గుణిజాలు. "కొన్ని ఉంటయి బిడ్డా, ఎట్ల పేర్చినా సక్కగ కూసోవు. ఒక్క వరుసలనే పొడుగ్గ పండుకుంటయి. అవి మొండి లెక్కలు. ముఫ్రద్ అదద్ అంటే గదే" అన్నాడు. ఇప్పటి పిల్లలు వాటినే ప్రధాన సంఖ్యలంటారు. హమ్మయ్య, ఇంతేనా అనిపించింది నాకు.

అయితే నాతో ఆయనకొక తలనొప్పి ఉండేది. మా నాయిన అంగట్లో వడ్లు కొలిచేవాడు. కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అన్న మాట నోటికి రానివ్వరు, అరిష్టమని. ఆరున్నొక్కటి అంటారు. పుట్టింది మొదలు ఆ లెక్కే విన్నదాన్ని, ఏడు దగ్గరికొచ్చేసరికి నా నాలుక మొరాయించేది. సారు తల పట్టుకొనేవాడు. "దొర ముందర గట్ల అనకు బిడ్డా, జర నా మాటిను. ఉర్దూల సాత్ అను."

సాత్, సాత్ అని ఇంట్లో పొయ్యి ముందు కూడా వల్లించాను. కానీ ఆరున్నొక్కటిలోనే ఒక కిటుకు నాకు దొరికింది. ఆరు గింజలు రెండు వరుసల్లోనూ, మూడు వరుసల్లోనూ కూర్చుంటాయి. దాని మీద ఒకటి పడితే అది ఏ వరుసకూ చేరదు, అందుకే ఏడు మొండిది. పదమూడు కూడా అంతే, పన్నెండున్నొక్కటి. ఆరు గుణిజం మీద ఒకటి పడితే అది మొండిదే! ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, సారుకు కూడా. అంత గర్వం నాకు.

తనిఖీ దొర వచ్చాడు. సారు అంగీ వీపంతా తడిసిపోయింది. దొర మొదట నన్నే లేపి, పదిలోపు ముఫ్రద్ అదద్‌లు చెప్పమన్నాడు. "దో, తీన్, పాంచ్..." అన్నాను. ఆ తర్వాత నోట్లోంచి ఆరున్నొక్కటే ఊడిపడింది. దొర సారు వైపు చూశాడు. వడ్ల కొలత సంగతి సారు ఉర్దూలో తడబడుతూ విన్నవించాడు. దొర నవ్వాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

"తేరా?" అని పదమూడు అడిగాడు. ముఫ్రద్ అన్నాను. పందొమ్మిదికీ అదే అన్నాను. సరేనన్నాడు. "పచ్చీస్?" అన్నాడు. ఇరవై నాలుగున్నొక్కటి కదా, ఆలోచించేదేముంది? ముఫ్రద్ అన్నాను.

దొర నవ్వు ఆగింది. బుక్కు తెరిచి కలం అందుకున్నాడు. తప్పెక్కడో నాకు తెలియలేదు. అప్పుడు ఎల్లస్వామి సారు, ఆ భయస్థుడే, దొర కాళ్ల ముందు నేల మీద చతికిలబడి ఇరవై ఐదు చింతగింజలు లెక్కపెట్టి పోశాడు. తెలుగులో, గట్టిగా అన్నాడు. "ఐదు వరుసలు పెట్టు బిడ్డా."

పెట్టాను. ఐదైదులు ఇరవై ఐదు, ఒక్క గింజా మిగల్లేదు.

"నీ లెక్క యాడ తప్పింది?"

"రెండు, మూడు వరుసలే చూసిన సార్. ఐదు చూడలే."

"గదే. అన్ని చూడాలె. ఇప్పుడు చెప్పు, నలభై తొమ్మిది?"

గింజలు ముట్టకుండానే చెప్పాను, ఆరున్నొక్కటి వరుసల్లో సరిగ్గా కూర్చుంటుంది, మొండిది కాదని. దొర తల ఊపాడు. ఆ తర్వాత సారును అడిగాడు, రోజూ ఈ భాషలోనే చెబుతున్నావా అని. లేదు హుజూర్, ఈ ఒక్కసారికే అంటే పోయేది. ఆ చిన్న అబద్ధం ఆయనకు చేతకాలేదు.

"జీ హుజూర్. రోజూ."

పదిహేను రోజులకు కాగితం వచ్చింది. ఆరో జమాత్ ఉంటుంది. హుకుం తప్పినందుకు ఎల్లస్వామి సారును కృష్ణ ఒడ్డున ఆత్మకూర్ దిక్కు చిన్నపిల్లల బడికి తోశారు.

ఆయన పెట్టె నెత్తిన పెట్టుకొని రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే పోయాను. "నా వల్లనే సార్" అని ఏడ్చాను.

"నీ వల్ల జమాత్ నిల్చింది. రేపు బడికి తొందరగ పో. కొత్తాయన పొద్దుగాలనే లెక్కలు చెప్తడట" అన్నాడు.

తప్పు చెప్పినదాన్ని నేను. ఊరు విడిచింది ఆయన. ఇది ఏ న్యాయమో నాకిప్పటికీ మింగుడుపడదు. మరునాడు మాత్రం అందరికంటే ముందు పోయి కూర్చున్నాను, ఆయన పొమ్మన్నాడని.